గడియ అవతలి వైపు

గడియ ఎటువైపు బిగించాలన్న దగ్గర తగువు మళ్లీ మొదటికొచ్చింది.

తలుపు అప్పటికే నిలబడిపోయింది. నడి గదికీ వెనక గదికీ మధ్య ఇన్నేళ్లూ బోసిగా ఉన్న గుమ్మంలో ఆకుపచ్చ రంగు పాత తలుపొకటి కొత్త పెత్తనం వచ్చినదానిలా నిటారుగా నిలబడి, ఇంటిల్లిపాదినీ ఎగాదిగా చూస్తోంది. షావుకారు నోట్లో స్క్రూలు పెట్టుకుని, చేతిలో గడియ పట్టుకుని, దాన్ని ఎటువైపు ఆనించాలో తేల్చుకోలేక నించున్నాడు.

"మన వైపే ఉండాలి," అంది పెద్దకోడలు. "మన ఇంట్లో మన మొహాన తలుపేసేదానికి వాళ్లెవరు?"

"వాళ్లెవరా? నా తమ్ముడూ, నా మరదలూ. నిన్నటిదాకా నీ చేతి వంటే తిన్నారు," అన్నాడు షావుకారు స్క్రూల మధ్య నుంచే పెళ్లాంతో.

"అందుకే అడుగుతున్నా. నిన్నటిదాకా లేని గడియ ఇవాళ ఎందుకొచ్చిందీ అని."

ఎందుకొచ్చిందో ఆవిడకీ తెలుసు. అయినా తెలిసిన నష్టాన్ని ఎదుటివాడి నోట చెప్పిస్తే కొంత భారం అటు మొగ్గుతుందని ఆశ.

తల్లి గుండెలో వాల్వు అరిగిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పి నెల దాటింది. డాక్టరు ఇంకా విడమర్చి చెప్పబోతే షావుకారు ఆపేశాడు. "సరిగ్గా మూసుకోని తలుపు సంగతి నాకు చెప్పకండి, నా బతుకంతా అదే," అన్నాడు. పడగొట్టిన ఇళ్ల నుంచి తలుపులూ కిటికీలూ కొనుక్కొచ్చి అమ్మడం అతని వ్యాపారం. వీధిలో అందరూ తలుపుల షావుకారు అంటారు. ఆ మాటలో సగం మర్యాద, సగం ఎగతాళి. ఆ రోజు అతను డాక్టర్ని ఇంకో మాట కూడా అడిగాడు: కొత్తది వేస్తే ఎన్నేళ్లు వస్తుందని. వ్యాపారస్తుడు అడగాల్సిన మాటే. పక్క కుర్చీలో తల్లి కూర్చుని ఉంది.

ప్రభుత్వ ఆరోగ్య కార్డుంటే ఆ ఆపరేషన్ ఉచితం. లేకపోతే దుకాణాన్నీ, దుకాణంలోని తలుపుల్నీ, వాటి మీద ఆశపెట్టుకున్న మనుషుల్నీ కలిపి అమ్మినా చాలదు. కార్డుకి అర్జీ పెడితే తిప్పి పంపించారు. ఒకే కప్పు, ఒకే పొయ్యి అయితే అందరి సంపాదనా ఒకటే లెక్క. దుకాణం మీద వచ్చేది, గోడలకి రంగులేసే తమ్ముడి కూలి, డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగించే మరదలి జీతం, మూడూ కలిపితే ఆదాయం గీత దాటింది. దాటింది బెత్తెడే. పైగా దుకాణంలో సరుకంతా ఆస్తేనన్నారు ఆఫీసులో. అమ్ముడుపోని తలుపు ఆస్తి కాదు బాబూ, అది నిలబడిన చోటుకి నేను కట్టే అద్దె అని షావుకారు మొత్తుకున్నాడు. అరువు అడగడానికి వెళ్లిన చోట లేనిది ఉందని చెప్పి నమ్మించినవాడే. ఉన్నది లేనట్టేనని నమ్మించడం మాత్రం అతని చేతకాలేదు.

అప్పుడు తట్టింది ఉపాయం. ఇల్లు రెండు చేస్తే సంపాదనా రెండవుతుంది. తల్లి తమ్ముడి లెక్కలోకి వెళ్తే వాళ్లు ముగ్గురూ గీతకి కిందే ఉంటారు. వెనక గదికి సందు వైపు గుమ్మం ఎలాగూ ఉంది. కావలసిందల్లా మధ్యలో ఒక తలుపు, వెనక ఒక పొయ్యి. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. ఇంత గిట్టుబాటు బేరం తన జన్మలో తగల్లేదనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే విచారణకి మనిషి వస్తుందని కబురొచ్చింది.

"విను," అన్నాడు షావుకారు స్క్రూలు చేతిలోకి ఉమ్మేసుకుని. "గడియ మన వైపుంటే వాళ్లు మన చేతి కింద ఉన్నట్టు. మనం ఎప్పుడు పడితే అప్పుడు తోసుకుపోవచ్చు. దాన్ని వేరు కాపురం అని ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను."

"మీరు ఏది నమ్మారు గనక!"

గోడకి చేరబడి చూస్తున్న తమ్ముడు నవ్వాడు. గోళ్లలో సున్నం ఇంకా పోలేదు. "అన్నయ్యా, రెండు వైపులా ఒక్కోటి బిగించెయ్. ఎవరికి కోపమొస్తే వాళ్లు వేసుకుంటారు."

"నువ్వు నోరు ముయ్యి. నీకిదంతా తమాషాగా ఉంది," అంది పెద్దకోడలు.

"తమాషా కాక ఏముంది వదినా? ఒక్క రోజు నాటకం. ఆవిడొచ్చి చూసిపోతుంది. సాయంత్రానికి తలుపు దుకాణానికి, నేను నీ వంటింట్లోకి."

వెనక గదిలో చిన్నకోడలు కొత్తగా వచ్చిన పాత పొయ్యిని తోముతోంది. ఇటువైపు చూడకుండానే అంది: "గడియ ఎటున్నా నాకొకటేనక్కా."

"నీకొకటే అవుతుంది. కార్డులో అత్తయ్య పేరు మీతో పాటు ఎక్కుతుంది. ఇన్నేళ్లూ కాళ్లు పట్టిందీ, ఒళ్లు తుడిచిందీ నేను. రేపు ఆవిడెవరో వచ్చి అడిగితే, మా అత్తగారు మా దగ్గర ఉండరండీ అని నా నోటితో నేను చెప్పాలి."

"నువ్వు చెప్పక్కర్లేదు. నువ్వసలు ఎదురుపడకు," అన్నాడు షావుకారు.

"వీధిలోవాళ్లు ఎదురుపడతారుగా! ముసలావిడకి జబ్బు చెయ్యగానే చిన్నాడి నెత్తిన పడేశారంటారు."

"అననీ. అనేవాళ్లు ఆసుపత్రి బిల్లు కడతారేంటి?"

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. చూస్తూ ఉండండి."

చిన్నకోడలు తోమడం ఆపింది. తమ్ముడు గోళ్లు చూసుకున్నాడు. ఆ అదను చూసి షావుకారు గడియని అవతలి వైపు ఆనించి నాలుగు స్క్రూలూ బిగించేశాడు. బిగిస్తున్నప్పుడు ఎవ్వరూ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేదని తర్వాత అతనికే అనిపించింది.

తల్లి మంచం మధ్యాహ్నమే వెనక గదిలోకి చేరింది. దిండు ఎత్తు చేసుకుని, ఊపిరిని విడతలు విడతలుగా తీసుకుంటూ పడుకుని ఉంది. షావుకారు గుమ్మంలో నిలబడి చెప్పవలసినవి చెప్పాడు.

"ఎవరి దగ్గర ఉంటున్నారని అడుగుతుంది. చిన్నాడి దగ్గర అను. పెద్దాడు ఏమైనా ఇస్తాడా అంటే, ఏమీ ఇవ్వడు అను. అక్కడితో ఆపెయ్. ఎక్కువ పొగిడిన సరుకు మీదా అనుమానమే, ఎక్కువ తిట్టిన సరుకు మీదా అనుమానమే."

"ఏమీ ఇవ్వడని చెప్పాలా?"

"చెప్పాలి."

"ఇస్తున్నావు కదరా."

"అందుకే చెప్పాలమ్మా."

తల్లి నవ్వబోయింది. నవ్వు ఆయాసంలోకి తిరిగింది. "మీ నాన్న భోజనానికి లేచినప్పుడల్లా దుకాణంలో కూర్చున్నది నేనే. చెద తిన్న తలుపుని పాతకాలం పనితనం అని అమ్మాను. నువ్వా నాకు నేర్పేది?"

మర్నాడు విచారణకి వచ్చినావిడ కుడికాలి చెప్పుకి పిన్నీసు పెట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది. సందు గుమ్మంలోంచి లోపలికి రాగానే కుర్చీ కోసం చూసింది. ఇది ఆవిడకి ఆ పొద్దున ఎన్నో ఇల్లో గానీ, గొంతులో కోపం లేదు, జాలీ లేదు. అలిసిన మనిషి గొంతు.

ఇవతల షావుకారు దుకాణం తెరవకుండా తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. తాను అమ్మిన తలుపుల వెనక ఎంతమంది ఇలా నిలబడ్డారోనన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. పెద్దకోడలు వంటింట్లో గిన్నె కదిపితే చప్పుడవుతుందని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వేరుపడి ఎన్నాళ్లయింది?"

"కొన్నాళ్లయిందండీ," అన్నాడు తమ్ముడు.

"గొడవలా?"

"గొడవలేం లేవు మేడం. వదినకీ నాకూ రుచులు పడవు."

పెద్దకోడలు ఇవతల పళ్లు నూరింది.

విచారణావిడ లేచినట్టుంది. కుంటు అడుగులు పొయ్యి దగ్గర ఆగాయి. "నిన్న వండారా?" "వండానండీ," అంది చిన్నకోడలు. గిన్నె మూత తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు. డబ్బాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

"అన్నీ ఉన్నాయి. ఉప్పేదీ?"

షావుకారు తెచ్చినవన్నీ మనసులో లెక్కపెట్టుకున్నాడు. తలుపు గుర్తుంది, పొయ్యి గుర్తుంది, గరిటెలూ పట్టకారూ చీపురూ గుర్తున్నాయి. ఉప్పు గుర్తులేదు. నాటకానికి కాపురం పెట్టేవాడు మరిచిపోయేది ఏదో ఈ మనిషికి ముందే తెలుసు. ఉప్పు డబ్బా ఇవతల, తన పెళ్లాం మోకాలి పక్కన ఉంది. ఇద్దరూ దాని వంకే చూశారు.

అవతల తమ్ముడు దగ్గాడు.

"ఉప్పు పేరెత్తితే డాక్టరు తిడతాడమ్మా," అంది తల్లి మంచం మీంచి. "నాకు వద్దన్నారు. నేనొక్కదాన్నీ చప్పిడి తింటే ముద్ద దిగడం లేదని ఈ పిల్ల కూడా నాతోపాటు మానేసింది. వీడంటావా, బయట తినొస్తాడు. వాడి మొహం చూడు, ఉప్పు లేని మొహంలా ఉందా?"

విచారణావిడ నవ్వింది. ఆ పొద్దున అదే మొదటి నవ్వేమో, కొంచెం ఆలస్యంగా వచ్చింది.

షావుకారు కళ్లు మూసుకున్నాడు. ఓడిపోయిన బేరాన్ని ఒక్క మాటతో వెనక్కి లాగింది! తండ్రి దగ్గర నేర్చుకున్నాననుకున్న వ్యాపారం నిజానికి ఎవరిదో ఇవాళ తెలిసింది. మెచ్చుకోలుగా పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ అతన్ని అదోలా చూసి మొహం తిప్పుకుంది.

"ఈ తలుపు అవతల ఎవరుంటారు?"

"మా పెద్దాడు."

"మిమ్మల్నేమైనా చూస్తాడా పెద్దమ్మా? డబ్బూ అదీ?"

"ఏమీ ఇవ్వడు."

నేర్పినట్టే అంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. అక్కడితో ఆగాలి. ఆగింది కూడా.

"అసలేమీ ఇవ్వడా? చూడ్డానికైనా వస్తాడా?"

తల్లి ఊపిరి తీసుకోవడం తలుపులోంచి వినిపించింది.

"చూస్తాడమ్మా. రోజూ పొద్దున్నే దుకాణానికి వెళ్తూ గుమ్మంలో ఆగి చూస్తాడు. లోపలికి రాడు. ఇల్లు పడగొట్టే చోట పాత తలుపుని చూడటం వాడికి అలవాటు. చెద ఎంత పట్టింది, ఇంకెన్నాళ్లు వస్తుంది, దీని మీద ఎంత పెట్టచ్చు అని. నన్నూ అలాగే చూసి వెళ్లిపోతాడు. చెడ్డవాడు కాదు. తిన్నావా అమ్మా అని అడిగి మాత్రం చాలా కాలమైంది."

ఇవతల పెద్దకోడలు మొగుడి వైపు తిరిగింది. అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

కాసేపటికి విచారణావిడ గొంతు వినిపించింది. "రాసి పంపిస్తాను. నా వైపు నుంచి అడ్డేమీ లేదు. కార్డు వచ్చాక ఆపరేషన్ తేదీ వాళ్లే చెప్తారు. ఆ తర్వాత జీవితాంతం వాడాల్సిన మందులు కూడా ఈ కార్డు మీదే ఇస్తారు. అందుకని ఏటా ఒకసారి చూస్తాం. ఈసారి కబురు చేసి వచ్చాను. ఇక మీదట చెప్పి రారు."

సందు తలుపు పడింది. కుంటు అడుగులు దూరమయ్యాయి.

తమ్ముడు తలుపు అవతల నుంచే కేకేశాడు. "అన్నయ్యా, అయిపోయింది! నేను పనికి పోతున్నా, మేస్త్రి చంపేస్తాడు." వెనకే చిన్నకోడలు కూడా ఫ్యాక్టరీకి బయల్దేరింది. వాళ్లు సందులోంచే వెళ్లిపోయారు. నిన్నటిదాకా వీధి గుమ్మంలోంచి వెళ్లేవాళ్లు.

షావుకారు లెక్క వేసుకున్నాడు. అతనికి చేతనైంది అదే. ఒక్క రోజు నాటకమని ధర కట్టాడు. ఏటా ఆడాలి, చెప్పకుండా వస్తారు గనక రోజూ ఆడాలి, తల్లి ఉన్నంతకాలం ఆడాలి. కొనేటప్పుడు అసలు ధరే చూశాడు గానీ నెలనెలా పడే అద్దె చూడలేదు.

"విన్నారా?" అంది పెద్దకోడలు.

"విన్నాను."

"ఆ మాట మీరే నేర్పారా?"

"ఏ మాట?"

"తలుపు మాట."

షావుకారు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నేనే నేర్పాను. గట్టిగా చెప్తే నమ్ముతారని."

"మీకలాంటి మాటలు రావు," అంది ఆవిడ. దెప్పుతున్నట్టు కూడా అనలేదు. సరుకు చూసి ధర చెప్పినట్టు అంది.

అతను తలుపు తోశాడు. రాలేదు. తన చేత్తో తాను బిగించిన గడియ. పనికొస్తుందో లేదో చూసి మరీ బిగించాడు. తన ఇంట్లో తాను తలుపు తట్టడం ఎలాగో తెలియక కాసేపు నిలబడ్డాడు. చివరికి అరచేత్తో మెల్లగా తట్టాడు.

"ఎవరూ?"

"నేనమ్మా."

మంచం కిర్రుమంది. అప్పుడు గానీ అతనికి తోచలేదు, లోపల ఇంకెవరూ లేరని, లేచి రావలసింది ఆవిడేనని. "ఉండమ్మా, సందులోంచి వస్తా" అనేలోపే అడుగులు తలుపు దాకా వచ్చేశాయి. గడియ తీయడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

తల్లి మళ్లీ మంచం మీద కూర్చుని ఊపిరి కూడదీసుకునేదాకా అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. అలా నిలబడ్డానని గుర్తొచ్చి గబుక్కున లోపలికి వచ్చాడు. విచారణావిడ కూర్చున్న కుర్చీ ఇంకా మంచం వైపే తిరిగి ఉంది. అందులో కూర్చున్నాడు.

"తిన్నావా అమ్మా?"

తల్లి అతన్ని చూసింది. "బేరం కుదిరాక ధర తగ్గించి ఇచ్చే ముదరా ఎందుకురా. అది కొన్నవాడి కోసం కాదు, అమ్మినవాడి మనశ్శాంతి కోసం."

"అమ్మా, ఆ మాట కార్డు కోసం అన్నావా?"

"కార్డు వస్తుందా?"

"వస్తుంది. అడ్డేమీ లేదంది."

"మరింకేం. బేరం కుదిరాక సరుకు మళ్లీ తిరగేసి చూడకూడదనేవాడు మీ నాన్న."

"నేను తిరగేస్తాను. నాకు చెప్పు."

ఆవిడ దుప్పటి అంచు సవరించుకుంది. షావుకారు మాట మార్చాడు. మాట మార్చడం కూడా వ్యాపారమే. "సాయంత్రం వాడొచ్చాక నీ మంచం మన వైపు వేయిస్తాను."

"చెప్పకుండా వస్తారట కదా?"

"వచ్చినప్పుడు చూసుకోవచ్చు."

"ఇటూ అటూ మోయించుకునే ఓపిక నాకు లేదురా. నా చెంబూ, కళ్లద్దాలూ, ఆ ఊలు దుప్పటీ ఇటు పంపించు."

"ఆపరేషన్ అయ్యేదాకానా?"

"ముందు పంపించు."

అతను లేచాడు. గుమ్మం దాటబోతూ, ఏదో ఒకటి ఇచ్చి వెళ్లాలన్నట్టు, "ఉప్పు కూడా పంపిస్తాను," అన్నాడు. "ఈసారి ఎవరైనా వచ్చి చూస్తే ఉండాలి కదా. ఇవాళంటే నీ అబద్ధం గట్టెక్కించింది."

"అబద్ధమని ఎవరన్నారు?" అంది తల్లి.

షావుకారు తలుపు చేరవేసి ఇవతలికి వచ్చాడు. పెద్దకోడలు పొయ్యి ముందు ఉంది. పెద్ద గిన్నె పక్కన, రోజూ చప్పిడికి విడిగా పెట్టే చిన్న గిన్నె చేత్తో పట్టుకుని ఉంది. ఆ గిన్నె ఆ ఇంట్లో ఉందన్న సంగతి అతను ఇప్పుడే గమనించాడు.

"మరదలు చప్పిడి తింటోందా?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ. అత్తయ్యతో పాటు ఈ గిన్నెలోదే. ఏం, మీకు తెలియదా?"

అతను తలుపు వైపు తిరిగాడు. ఉప్పు మాట నిజమైతే తలుపు మాట ఏమిటో లెక్క వేయడానికి పలకా బలపం అక్కర్లేదు.

"ఏవండీ, మిమ్మల్నే," అంది పెద్దకోడలు. గిన్నెని ఇంకా కింద పెట్టలేదు. "ఇవాళ్టి నుంచి అత్తయ్యకి ఇక్కడ వండాలా, వద్దా?"

అవతల గడియ పడింది. ఒక్కసారిగా పడలేదు. సగం జరిగి ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా సగం జరిగింది.